గుమ్మంలో కూర్చోబెట్టి జడ వేసేటప్పుడు తీయండి

అమ్మా, మీ ప్రశ్న చదివాను, పెట్టిన నాలుగు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు, చేతిలో క్యానన్ 1500డి కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 లెన్సు. ఇంట్లో తీస్తే మొహాలు చెదిరిపోతున్నాయి, రంగు పసుపు కొడుతోంది, పిలిస్తే పాప పళ్లికిలిస్తోంది తప్ప నవ్వట్లేదు. 50 ఎం.ఎం. లెన్సు కొనాలా, ఫ్లాష్ కొనాలా, లేక ఇదంతా అమ్మేసి మంచి ఫోను తీసుకోవాలా అని అడిగారు.

లెన్సు సంగతి చివర్లో చెబుతాను. అప్పటిదాకా ఏదీ కొనకండి. నేను ఇరవై ఎనిమిదేళ్లు స్టూడియో నడిపాను. ఏడాది నిండిన పిల్లల్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి తీసే ఫొటోలు ఎన్ని తీశానో లెక్క లేదు. ఇప్పుడు కొట్టు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, నేను మనవరాలి వెనక పడుతున్నాను. అందుకే రెండువైపుల నుంచీ చెప్పగలను.

మీ నాలుగు ఫొటోల్లో ఉన్న తప్పు ఒక్కటే. పిల్లలు ఎక్కడ కనిపిస్తే అక్కడే తీశారు. సోఫా మీద గెంతుతుంటే ట్యూబ్‌లైటు కింద, కిటికీకి వీపు పెట్టి నిలబడితే అక్కడే, మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో. స్టూడియోలో మా పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసి ఉండేది. ముందు లైటు సర్దుకుని, బల్ల వేసుకుని, ఫోకస్ చూసుకుని, అన్నీ అయ్యాక "ఇక పాపని తీసుకురండమ్మా" అనేవాళ్లం. ఇంట్లోనూ అంతే, చోటు ముందు, పిల్లలు తర్వాత.

ఆ చోటు వెతకడానికి కెమెరా అక్కర్లేదు. రేపు పొద్దున తొమ్మిదింటికి ఇంట్లో లైట్లన్నీ ఆపేసి, బాబుని చంకనేసుకుని గదులన్నీ తిరగండి. కిటికీ ముందు, వీధి గుమ్మంలో, బాల్కనీ తలుపు దగ్గర కాసేపు ఆగి వాడి కళ్లలోకి చూడండి. నల్లగుడ్డులో తెల్లటి పలక ముక్కలాంటిది ఒకటి మెరుస్తుంటే మీరు సరైన చోట ఉన్నట్టు. అది కంట్లో పడే కిటికీ ప్రతిబింబమే. మేం దాన్ని క్యాచ్‌లైట్ అంటాం. అది ఉన్న ఫొటోలో పిల్లాడు మనల్నే చూస్తున్నట్టుంటాడు, లేని ఫొటోలో ఎంత నవ్వినా కళ్లు గుంటల్లా ఉంటాయి. ట్యూబ్‌లైటు నెత్తి మీద నుంచో గోడ పైనుంచో పడుతుంది కాబట్టి కనుబొమల నీడ కళ్ల మీదికి జారుతుంది. మీ సోఫా ఫొటోలో జరిగింది అదే.

కిటికీకి ఎదురుగా నిలబెడితే వెలుగు మొహమంతా సమానంగా పడుతుంది. తప్పేం లేదు గానీ కాస్త చప్పగా ఉంటుంది. కొంచెం పక్కకి తిప్పి, ఒక బుగ్గ వెలుగులో, రెండోది పలచటి నీడలో ఉండేలా చూడండి, మొహానికి గుండ్రదనం వస్తుంది. నీడ వైపు మరీ నల్లబడితే ఆ పక్కన ఒక తెల్ల పంచె కుర్చీ మీద ఆరేసినట్టు వేయండి, వెలుగు దాని మీద పడి తిరిగి బుగ్గ మీదికొస్తుంది. బజార్లో రిఫ్లెక్టరని అమ్మేది చేసే పని ఇదే. ఎండ నేరుగా లోపలికి కొడుతుంటే అదే పంచె ఒక్క పొరగా కిటికీకి కట్టేయండి, ఎండ మెత్తబడుతుంది. మా ఇంట్లో మా నాన్నగారి పంచె ఒకటి ఈ రెండు పనులూ చేసి చేసి చిరిగిపోయింది.

ఇప్పుడు అసలు చిట్కా. మీ పాపకి జుట్టు బాగా ఉంది. పొద్దున స్కూలుకి పంపే ముందు జడ ఎవరు వేస్తారు? మీరో, అమ్మమ్మగారో, నానమ్మగారో. ఇంటి లోపల ట్యూబ్‌లైటు కింద కాకుండా వీధి గుమ్మంలో కూర్చోబెట్టి వేయమనండి. పాప వీధి వైపు చూస్తుంటుంది, వెనక నానమ్మ. అపార్టుమెంటైతే బాల్కనీ గుమ్మం చాలు. ఆ ఐదు నిమిషాలూ పాప ఎక్కడికీ పోలేదు, జుట్టు నానమ్మ చేతిలో ఉంది కాబట్టి. బయటి వెలుగంతా మొహం మీద పడుతుంది, వెనక ఇల్లు చీకటిగా ఉండి అడ్డమైన సామానూ కనపడదు. చిక్కు తీసేటప్పుడు మొహం చిట్లిస్తుంది, రిబ్బను నోట్లో పెట్టుకుని కొరుకుతుంది, కుక్క పోతుంటే తల తిప్పుతుంది, "కదలకే" అని నానమ్మ మొట్టికాయ వేస్తే మూతి ముడుస్తుంది. మీరు బయట మెట్టు మీద కూర్చుని ఏమీ మాట్లాడకుండా తీస్తూ ఉండండి. మా మనవరాలి ఫొటోల్లో ఇంట్లో అందరికీ నచ్చింది ఇలా తీసిందే. ఒక జడ అయింది, రెండోవైపు జుట్టు ఇంకా విరబోసుకుని ఉంది, నోట్లో ఎర్ర రిబ్బను, కళ్లు రెండూ పాలవాడి సైకిలు మీద. దానికోసం నేను చేసిందల్లా మా ఆవిణ్ణి రెండు గజాలు ముందుకి జరిగి గుమ్మంలో కూర్చోమనడం.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. బాబుకి ఉగ్గు పెట్టే చోటు మార్చండి, బొమ్మల బుట్ట తీసుకెళ్లి కిటికీ కింద బోర్లించండి. పిల్లలు వెలుతురు దగ్గరికి రారు, బొమ్మల దగ్గరికి వస్తారు.

బయట తీసేటప్పుడు మిట్టమధ్యాహ్నం వద్దు. మేడ మీది ఫొటోలో పాప కళ్లు చికిలించిందంటే తప్పు పాపది కాదు. సాయంత్రం పొద్దు వాలాక గంటసేపు ఎలాగూ బాగుంటుంది. పగలే తీయాల్సి వస్తే నీడ అంచు వెతకండి: వసారాలో, పోర్టికోలో, నీడలోకి ఒక్క అడుగు మాత్రం లోపలికి నిలబడి మొహం బయటి ఆకాశం వైపు ఉండాలి. చెట్టు నీడ అనగానే వేపచెట్టు కిందికి పరిగెత్తకండి. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మొహం మీద మచ్చలు మచ్చలుగా కూర్చుంటుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు.

పసుపు రంగు గురించి. కిటికీ వెలుగుది ఒక రంగు, బల్బుది ఇంకో రంగు. రెండూ కలిసి మొహం మీద పడితే కెమెరా దేన్ని తెలుపనుకోవాలో తేల్చుకోలేదు. పగలు లైట్లు ఆపేస్తే సగం జబ్బు పోతుంది. మిగతా సగం మీ గోడలది. మన ఇళ్లలో హాలుకి చిలకాకుపచ్చో గులాబీరంగో వేయిస్తాం కదా, ఆ గోడకి ఆనుకుని నిలబెడితే ఆ రంగే బుగ్గ మీదికి ఎక్కుతుంది. మీ రెండో ఫొటోలో బాబు చెవి దగ్గర పచ్చదనం అక్కణ్ణుంచే వచ్చింది. గోడ నుంచి నాలుగైదడుగులు ఇవతలికి తీసుకురండి.

ఇక మొహాలు చెదరడం. మీ ఫొటోల వివరాలు చూశాను, సోఫా ఫొటోకి షట్టర్ 1/40. సెకనులో నలభయ్యో వంతు సేపు తలుపు తెరిచి ఉంటే ఏడాదిన్నర పిల్లాడు అందులో సగం గది తిరిగొస్తాడు. కెమెరాని ఆటోలో పెడితే అది ఇంట్లో వెలుగు చాలక ఇలాగే చేస్తుంది, ముందున్నది పిల్లాడో పూలకుండీయో దానికి తెలియదు. పైన తిప్పే చక్రం మీద టీవీ (Tv) అని ఉంటుంది చూడండి. మనం చూసే టీవీ కాదు, షట్టర్ వేగం మన చేతిలో పెట్టే మోడ్ అది. దాంట్లోకి తిప్పి 1/250 పెట్టండి, ఐఎస్ఓ, అంటే చాలని వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, ఆటోలో వదిలేయండి. గెంతులేస్తుంటే 1/500. కదలకుండా బొమ్మల పుస్తకం చూస్తుంటే 1/125 సరిపోతుంది. ఐఎస్ఓ 3200కో 6400కో పోయిందని భయపడకండి. ఇసక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది, నాలుగు బై ఆరు ప్రింటులో పెద్దగా తెలియదు. గరుకున్నా మొహం స్పష్టంగా ఉంటే ఉంచుకుంటాం. నున్నగా ఉండి చెదిరిపోతే చెరిపేస్తాం.

ఒక మెలిక ఉంది. మన కరెంటు 50 హెర్ట్జులది కాబట్టి పాత ట్యూబ్‌లైట్లూ కొన్ని చవకరకం ఎల్‌ఈడీలూ సెకనుకి వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు గానీ వేగంగా తీస్తే కెమెరాకి దొరుకుతుంది. వరసగా నాలుగు తీస్తే ఒకటి వెలుగ్గా, ఒకటి మసగ్గా, ఒకటి పచ్చగా, ఒక్కోసారి అడ్డంగా చారలతో వస్తాయి. రాత్రి ఆ లైట్ల కింద తప్పదనుకుంటే 1/100కి దించి, పిల్లాడు ఒక్క క్షణం ఆగేదాకా మీరు ఆగండి.

ఫోకస్‌కి మీ కెమెరాలో తొమ్మిది చుక్కలున్నాయి. తొమ్మిదీ దానికే వదిలేస్తే ముందున్న వస్తువు మీదికి, అంటే చెయ్యో బొమ్మో ఉంటే వాటి మీదికి పోతుంది. ఒక్క చుక్క ఎంచుకుని, దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. పాకే పిల్లలకి, పరిగెత్తే పిల్లలకి ఏఐ సర్వో అనే మోడ్ పెట్టుకుంటే బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ ఫోకస్ వెంట వస్తుంటుంది. వ్యూఫైండర్‌లోంచి, అంటే కన్ను ఆనించే గాజు కిటికీలోంచి, చూసి తీయండి. వెనక తెర చూసి తీస్తే మీ కెమెరాలో ఫోకస్ నెమ్మది, పిల్లాడు ఆగడు.

మొహం నల్లబడటం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కెమెరా తన ముందున్న దృశ్యాన్నంతా సగటున బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. తెల్ల గౌను వేసుకుని తెల్ల గోడ ముందు నిలబడితే "అమ్మో వెలుగెక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది, పాప మొహం మసిబారుతుంది. కిటికీ వెనకున్నా అంతే. నల్ల తెర ముందో, ముదురు మెరూన్ పట్టు లంగాలోనో అయితే దీనికి తిరగేసి మొహం పాలిపోతుంది. కెమెరా వెనక Av అనే అక్షరాలూ ప్లస్ మైనస్ గుర్తూ ఉన్న బటన్ పట్టుకుని చక్రం తిప్పండి. తెలుపెక్కువుంటే ప్లస్ వైపు రెండు గీతలు, నలుపెక్కువుంటే మైనస్ వైపు రెండు గీతలు. తీశాక తెర మీద మొహం ఒక్కటే చూడండి, గోడ ఎలా పోయినా పర్లేదు.

మొహం రంగు మాటొచ్చింది కాబట్టి ఒకటి అనకుండా ఉండలేను. రీలు రోజుల్లో కోడక్ కంపెనీ ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి ఒక నమూనా ఫొటో పంపేది, షిర్లీ కార్డు అనేవాళ్లు. దాని మీద ఉండేది తెల్లదొరసాని. ఆమె ఒంటిరంగు బాగా కనపడితే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు లెక్క. ఆ కొలతతో మన చామనఛాయ మొహాలు మసకబారి వచ్చేవి, "మా పిల్ల ఇంత నలుపు కాదండీ" అని తల్లులు మాతో గొడవపడేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు. ఇప్పుడు ఫోన్లలో బ్యూటీ మోడ్ దీనికి ఎదురు దిక్కు పట్టింది, నాలుగేళ్ల పిల్ల బుగ్గల్ని కూడా సున్నం కొట్టినట్టు తెల్లబరుస్తుంది. అది ఆపేయండి. చామనఛాయకి పక్కనుంచి కిటికీ వెలుగు పడితే బుగ్గ మీద వచ్చే నిగ్గు ఏ ఫిల్టరుతోనూ రాదు. స్టూడియోలో తెల్లగా చేసిపెట్టమని అడిగిన ప్రతి ఒక్కరికీ చేసిపెట్టాను, వ్యాపారం కదా. ఆ ప్రింట్లు ఇప్పుడు చూస్తే నాకే సిగ్గేస్తుంది.

మీ మూడో ఫొటో నిలబడి తీశారు. పెద్దవాళ్ల ఎత్తు నుంచి తీస్తే పిల్లలు పెద్ద తల, చిన్న కాళ్లు, వెనకంతా గచ్చు. పాపకైతే గొంతుక్కూర్చోండి, బాబుకైతే బోర్లా పడుకుని మోచేతులు నేల మీద ఆనించండి. చీర కట్టుకుని కష్టమనుకుంటే పిల్లల్నే మంచం మీదికో దివాను మీదికో ఎక్కించి మీరు కింద పీట వేసుకోండి. పనిలో పనిగా తల వెనక ఏముందో చూసుకోండి: స్విచ్‌బోర్డు, నెత్తిలోంచి మొలిచినట్టు తలుపు కమ్మీ, ఆరేసిన తువ్వాళ్లు. అర అడుగు పక్కకి జరిగితే పోతాయి. అలాగని ఇల్లంతా ఊడ్చి ఖాళీ చేయకండి. పాత ఫొటోలు బాగుచేయించుకోవడానికి మా కొట్టుకొచ్చేవాళ్లు మొహం చూశాక వేలు పెట్టి చూపించేది వెనకున్న వాటినే. "అదుగో మా అమ్మ కుట్టుమిషను", "ఈ రేడియో మా నాన్న కొన్నది" అని. అందుకని కొన్ని ఫొటోల్లో ఫ్రిజ్జూ, దాని మీది మాగ్నెట్లూ ఉండనివ్వండి.

నవ్వు విషయానికొద్దాం. "ఇటు చూడు, నవ్వు" అన్న క్షణాన పాప మొహం మీద వచ్చేది నవ్వు కాదు, ఆజ్ఞాపాలన. స్టూడియోలో మేం తాళాలగుత్తి ఊపేవాళ్లం, గిలక్కాయ ఆడించేవాళ్లం. ఏడాదిన్నర వయసుకి ఇప్పటికీ అవే పనిచేస్తాయి, కాకపోతే గిలక్కాయ మీ కెమెరా పక్కనే ఉండాలి, ఎక్కడో దూరాన నిలబడి ఊపితే చూపు అటే పోతుంది. నాలుగేళ్లవాళ్లకి ఇంకా మంచి మందుంది, తప్పులు మాట్లాడటం. "ఫొటో తీస్తున్నా, ఒకటి, రెండు, ఏడు" అనండి. "ఏడు కాదు, మూడు!" అని గసురుతూ నవ్వుతుంది. "మీ తమ్ముడు నీకంటే పెద్దవాడటగా" అనండి. ముందు ఆశ్చర్యం, తర్వాత కోపం, ఆ తర్వాత నవ్వు, మూడూ మూడు సెకన్లలో వస్తాయి. బటన్ నొక్కి పట్టుకుని వరసగా తీయండి. ఫొటో అయిపోయిందనుకుని పాప భుజాలు వదులు చేసుకునే క్షణం ఒకటుంటుంది, కెమెరా అప్పుడే దించకండి. వద్దంటే మాత్రం ఆపేయండి. బతిమాలి తీసినవి రెండు, పోయేది నెల రోజుల సహకారం.

పండగలు, ఫంక్షన్లు వేరే లెక్క. భోగిపళ్లు పోసేటప్పుడు చూడండి, పీట గోడకి ఆనించి వేస్తారు, పైన ట్యూబ్‌లైటు, చుట్టూ పదిమంది పది ఫోన్లు పట్టుకుని తలా ఒక దిక్కు నుంచి "ఇటు చూడమ్మా" అంటారు. పీట మీది పిల్లాడు ఎటు చూడాలో తెలియక ఏడుపు లంకించుకుంటాడు. మీ ఇంట్లో పేరంటం మీదే కాబట్టి పీట వేసే చోటు మీరే చెప్పండి. వెలుతురుండగానే, కిటికీకో గుమ్మానికో ఎదురుగా వేయించండి. రేగిపళ్లు, చిల్లర, చెరకుముక్కలు తల మీంచి జారేటప్పుడు 1/500 ఉంటేనే గాల్లో ఆగినట్టు కనపడతాయి, లేకపోతే గీతల్లా వస్తాయి. పళ్లు పడే క్షణంలో ఏ పిల్లాడైనా కళ్లు మూసుకుంటాడు. నేనైతే దోసిలి తల మీదికి రాగానే, పైకి చూసే చూపు ఒకటి, పళ్లన్నీ పడ్డాక ఒళ్లో చూసుకుని ఒకటి ఏరుకుని నోట్లో పెట్టుకోబోయేది ఒకటి తీస్తాను.

ఫ్లాష్ కొనకండి. కెమెరా మీద టప్పున లేచే చిన్న ఫ్లాష్‌ని అసలు లేవనివ్వకండి, మొహాన్ని అట్టముక్కలా చేస్తుంది.

ఫోను కూడా వాడుకోండి, నేనూ వాడతాను. ముందు లెన్సు తుడవండి, పిల్లలున్న ఇంట్లో ఫోను లెన్సు మీద నెయ్యి, పాల చేతి గుర్తులు లేకుండా ఉండవు, సగం మసక అదే. దగ్గరికెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, ఐదారడుగుల దూరంలో ఆగి 2ఎక్స్ పెట్టుకోండి. పోర్ట్రెయిట్ మోడ్ జడలో మల్లెపూలని, చెదిరిన వెంట్రుకల్ని కత్తిరించేస్తుంటుంది, తీశాక పెద్దది చేసి చూసుకోండి. చుట్టాలకి వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే పాడవదు. స్నానం ఫొటోలు, స్కూలు బ్యాడ్జీ కనిపించేవి ఇంట్లోనే ఉంచుకోండి.

లెన్సు సంగతి. పైవన్నీ ఒక నెల చేసి చూశాక, అవును, 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఎస్‌టీఎమ్ అనే లెన్సు కొనండి. ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది. మీ దగ్గరున్నది 55 దగ్గర ఎఫ్ 5.6 దాకానే తెరుచుకుంటుంది. ఇది 1.8 దాకా తెరుచుకుంటే దాదాపు తొమ్మిదిన్నర రెట్ల వెలుగు లోపలికొస్తుంది, అంటే ఐఎస్ఓ 6400 అడిగే గదిలో 800లోపే పనైపోతుంది. వెనక మసకబారడం దానితో వచ్చే అదనం. కాకపోతే రెండు ఇబ్బందులున్నాయి. మీ కెమెరాలో వెలుగుని పట్టే పలక, అంటే సెన్సరు, చిన్నది కాబట్టి ఆ 50 లెన్సు, పెద్ద సెన్సరు కెమెరాకి 80 లెన్సు పెట్టినట్టు, అన్నీ దగ్గరగా చూపిస్తుంది. పాప నిలువెత్తు రావాలంటే తొమ్మిదడుగులు వెనక్కి పోవాలి. మీ హాలు కొలుచుకోండి. రెండోది, నాలుగడుగుల దూరం నుంచి 1.8లో తీస్తే స్పష్టంగా ఉండే మందం ఒకటిన్నర అంగుళం. మా మనవరాలి అన్నప్రాశనకి కొత్త మోజులో అన్నీ 1.8లోనే లాగించాను. ఇంటికొచ్చి చూస్తే పాయసం గరిటె మెరిసిపోతోంది, దాని మీది జీడిపప్పు లెక్కపెట్టొచ్చు, పిల్ల కళ్లు మాత్రం మబ్బులో ఉన్నాయి. కోడలు ఇప్పటికీ దాన్ని "మామయ్యగారి గరిటె ఫొటో" అంటుంది. వెలుగుంటే 2.8లోనో 4లోనో తీయండి.

పాతది కొనేటట్టయితే వెనక నుంచి ఫోను టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కనపడితే అది ఫంగస్, వదిలేయండి. మన కోస్తా ఉక్కకి అది తొందరగా పడుతుంది, మీదైనా సరే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

ఈ వారంలో ఒకరోజు పొద్దున జడ వేసే ఐదు నిమిషాలూ తీసి, బాగా వచ్చినవే కాకుండా చెడినవి కూడా ఇక్కడ పెట్టండి. 1/250, ఒక్క చుక్క ఫోకస్, గుమ్మం. పాప కంట్లో ఆ గుమ్మం కనిపిస్తోందో లేదో ముందు మీరు చూసుకోండి, తర్వాత నేను చూస్తాను.